చెంబెడు నీళ్ళలో బోలెడు చదువు

ఏమండీ వదినగారూ, ఒక్కసారి ఇలా గోడ దగ్గరికి రండి. పొయ్యి మీద ఏమన్నా ఉంటే కట్టేసి మరీ రండి, ఇది కాస్త తీరిగ్గా చెప్పుకోవలసిన మాట. పొద్దున పెరట్లో కొళాయి దగ్గర్నుంచి మీ మనవణ్ణి రెక్క పుచ్చుకుని లోపలికి తీసుకెళ్ళారు కదా, వాడి ఏడుపు మా వంటింట్లోకి వినిపించింది. మిమ్మల్ని తప్పు పట్టడానికి పిలవలేదండీ. మూడున్నరేళ్ళవాడు నెత్తి నుంచి కాళ్ళ దాకా తడిసిపోతే ఏ నాయనమ్మకైనా కంగారే. కాకపోతే అంతకుముందు వాడు ఏం చేస్తున్నాడో మీరు చూసి ఉండరు. నేను ఇవతల బట్టలారేస్తూ మొత్తం చూశాను.

వాడి చేతిలో టీ గ్లాసు, ముందర మీ ఇత్తడి చెంబు. గ్లాసుతో నీళ్ళు పట్టి చెంబులో పోస్తున్నాడు. మొదట గ్లాసు అమాంతం బోర్లించేశాడు, సగానికి సగం నేలపాలయ్యాయి. ఆగి చూసుకున్నాడు. రెండోసారి గ్లాసు అంచు తెచ్చి చెంబు మూతికి ఆనించాడు. చెంబు కదిలింది. అప్పుడు ఎడంచేత్తో దాని మెడ పట్టుకున్నాడు, ఎవరూ చెప్పకుండానే. ఆ తర్వాత చూడాలి వాడి మొహం! నాలుక కొంచెం బయటికి వచ్చింది, ఊపిరి బిగబట్టాడు. ధార లావైతే గ్లాసు వెనక్కి ఎత్తుతున్నాడు, సన్నబడితే ఇంకాస్త వంచుతున్నాడు. చెంబు నిండి పొర్లిపోతుంటే ఆపలేదు, పొర్లే నీళ్ళ కింద అరచెయ్యి పెట్టి అలా చూస్తూ ఉండిపోయాడు. అప్పుడే మీరు వచ్చారు.

అది అల్లరి కాదు వదినగారూ. ఉద్యోగమంతా చిన్నపిల్లల బడిలోనే చేసినదాన్ని, గట్టిగా చెప్తున్నాను. ఒక చెయ్యి కదలకుండా పట్టుకోవడం, రెండో చెయ్యి కొలిచినట్టు వంచడం, కన్ను ఆ రెంటినీ కనిపెట్టుకుని ఉండడం, ఇవన్నీ ఒకేసారి జరిగితేగాని ఆ చెంబు నిండదు. రేపు వాడు ఎడంచేత్తో పుస్తకం అదిమిపట్టి కుడిచేత్తో అక్షరం దిద్దాలన్నా కావలసింది ఈ నేర్పే. ఎల్‌కేజీలో పెన్సిలు పట్టుకోలేకపోతున్నాడని కంగారుపడి నా దగ్గరికి వచ్చే తల్లులకి నేను ముందు చెప్పేది ఇదే: పెన్సిలు సంగతి తర్వాత, పిల్లాడి చేతికి ఒక తడిగుడ్డ ఇచ్చి పిండమనండి. స్పాంజి ముక్క అయితే ఇంకా మంచిది. ఒక గిన్నెలో నీళ్ళు పీల్పించి పక్క గిన్నెలో పిండడం. పిడికిలికి బలం వస్తుంది. కాస్త పెద్దయ్యాక మందు సీసాతో వచ్చే డ్రాపరు శుభ్రంగా కడిగి ఇస్తే, బొటనవేలు, చూపుడువేలు కలిపి నొక్కుతూ చుక్క చుక్కగా వేస్తారు. పెన్సిలు పట్టుకునేదీ ఆ వేళ్ళతోనే కదా.

మాంటిస్సోరి పేరు మన ఊళ్ళో బడుల బోర్డుల మీద చూస్తూనే ఉంటారు. ఆవిడ చదివింది డాక్టరు చదువు. 1907 జనవరిలో రోమ్ నగరంలో శాన్ లొరెంజో అనే పేదల పేటలో, తల్లిదండ్రులు పనికి పోతే ఇంటి దగ్గర మిగిలిపోయే పిల్లల కోసం మొదటి బాలల ఇల్లు తెరిచారు. మనకీ ఆవిడకీ దగ్గర చుట్టరికమే ఉంది. 1939లో దివ్యజ్ఞాన సమాజం వాళ్ళు పిలిస్తే మద్రాసు అడయారు వచ్చారు. ఇంతలో యుద్ధం వచ్చిపడింది, ఇటలీ మనిషి కాబట్టి తిరిగి వెళ్ళడానికి వీల్లేకపోయింది. 1946 దాకా ఇక్కడే ఉండి అడయారులోనూ కొడైకెనాల్‌లోనూ టీచర్లకి శిక్షణ ఇచ్చారు. ఆవిడ పద్ధతిలో అక్షరాల జోలికి పోకముందే పోయడం నేర్పుతారు. ఒక పళ్ళెంలో రెండు చిన్న కూజాలు పెడతారు. ముందు గింజలు ఇందులోంచి అందులోకి పోస్తారు. చెయ్యి కుదిరాక నీళ్ళు. పక్కనే ఒక స్పాంజి ఉంటుంది, ఒలికితే పిల్లాడే తుడుచుకోవాలి. ఒలికినందుకు తిట్టరు, తుడవడం కూడా పాఠంలో భాగమే. మీ ఇంట్లో చేటలో శనగలు పోసి ఇస్తే మొదటి మెట్టు అయిపోతుంది, ఖర్చేమీ లేదు.

ఇంకో సంగతి చెప్తాను, ఇది మీకు నచ్చుతుంది. మొన్న మీ మనవడూ మనవరాలూ మజ్జిగ దగ్గర కొట్టుకున్నారే, దానికి సంబంధించినదే. మీరు ఇద్దరికీ సమానంగానే పోశారు, నేను చూశాను. దానికి పొడుగు గ్లాసు, వీడికి వెడల్పు గిన్నె. వీడు దానికే ఎక్కువ పోశావని రాగం తీశాడు. అది మొండితనం అనుకోకండి. స్విట్జర్లాండ్‌లో పియాజే అని ఒకాయన పిల్లల ఆలోచన ఎలా పెరుగుతుందో జీవితమంతా గమనించాడు. ఆయన చేసిన పరీక్ష ఏమిటంటే, ఒకేలాంటి రెండు గ్లాసుల్లో ఒకే మట్టానికి నీళ్ళు పోసి, రెండూ సమానమేనా అని అడగడం. సమానమేనంటాడు పిల్లాడు. వాడి కళ్ళ ముందే ఒక గ్లాసులో నీళ్ళు సన్నటి పొడుగు గ్లాసులోకి వంచి మళ్ళీ అడిగితే, నాలుగైదేళ్ళవాడు పొడుగు గ్లాసు చూపించి ఇందులోనే ఎక్కువ అంటాడు. ఎత్తు ఒక్కటే వాడి కంటికి ఆనుతుంది, వెడల్పుని దానితో కలిపి చూసుకోవడం ఇంకా రాదు. సుమారు ఏడేళ్ళు వస్తేగాని అది నిలకడగా కుదరదని ఆయన తేల్చాడు.

మనం ‘రెండూ ఒకటేరా నాన్నా’ అని ఎన్నిసార్లు చెప్పినా వాడు తల ఊపుతాడే తప్ప నమ్మడు. వాడి చేతుల మీదుగా పోసుకోవాలి. పొడుగు గ్లాసులోవి గిన్నెలోకి, గిన్నెలోవి చెంబులోకి, మళ్ళీ గ్లాసులోకి. ఒకరోజు పోస్తూ పోస్తూ టక్కున ఆగిపోతాడు, అప్పుడు వాడి మొహం చూడండి. మీ అటక మీద మీ అత్తగారి నాటి కొలపాత్రలు ఉండాలి, సోల, గిద్ద, తవ్వ. దింపించండి. నాలుగు గిద్దలు పోస్తే సోల నిండుతుంది, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం. అవేవీ వాడికి వల్లె వేయించొద్దు. పాత్రలు చేతికిచ్చి నీళ్ళు ముందు పెట్టండి చాలు. భిన్నాలంటే ఐదో తరగతిలో ఏడ్చే పిల్లల్ని చాలామందిని చూశాను. గిద్దతో సోల నింపిన పిల్లకి పావు అంటే ఏమిటో చెయ్యే చెప్తుంది.

తేలేవి, మునిగేవి... ఇది నాకు అన్నిటికంటే ఇష్టం. ఒక వెడల్పాటి బేసిన్‌లో జానెడు కూడా అక్కర్లేదు, నాలుగు వేళ్ళ లోతు నీళ్ళు పోయండి. వంటింట్లోంచి పిల్లల చేతే ఏవేవో తెప్పించండి. బంగాళాదుంప, వంకాయ, చింతగింజ, స్టీలు చెంచా, సీసా మూత. ఒక్క నియమం: వేసే ముందు వాణ్ణి అడగాలి, ‘ఏమవుతుందంటావురా?’ అని. చెప్పాకే వెయ్యాలి. మా బడిలో ఒక పిల్ల పెద్దవి మునుగుతాయి, చిన్నవి తేలుతాయి అని గట్టిగా తీర్మానించింది. సరే అన్నాను. చిన్న మేకు ఇచ్చాను, మునిగింది. అది కొంచెం ఆలోచనలో పడింది. తీపి గుమ్మడికాయ తెచ్చి తొట్టెలో వేయించాను, దర్జాగా తేలింది. ఆ పిల్ల నావైపు చూడలేదు, గుమ్మడికాయని రెండు చేతులతో కిందికి నొక్కి చూసింది. వదిలేస్తే పైకి వచ్చేస్తోంది. మళ్ళీ నొక్కింది. నీళ్ళు తన చేతిని పైకి తోస్తున్న సంగతి దానికి తెలిసిపోయింది. ఆర్కిమెడిస్ పేరు అది పదేళ్ళు పోయాక వింటుంది, వినీవినగానే ఆ తోపు గుర్తొస్తుంది.

స్టీలు చెంచా మునుగుతుంది, అదే స్టీలుతో చేసిన గిన్నె తేలుతుంది. ఎందుకని? మీరు జవాబు చెప్పకండి, వాడు బుర్ర గోక్కోనీండి. గిన్నెలో చెంచాతో కొంచెం కొంచెం నీళ్ళు పోయమనండి, ఎప్పుడు మునుగుతుందో వాడే కనిపెడతాడు. కమలాపండు తొక్కతో వేస్తే తేలుతుంది, ఒలిచి వేస్తే మునుగుతుంది. తొక్కలో గాలి ఇరుక్కుని ఉంటుంది మరి. కోడిగుడ్డు మంచినీళ్ళలో అడుక్కి పోతుంది, బాగా ఉప్పు కలిపితే పైకి లేస్తుంది. గుడ్డు ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడిగించండి. కార్తీకంలో గోదావరికి వెళ్ళినప్పుడు అరటిదొప్పలో దీపం వదులుతాం కదా, ఆ దొప్ప ఎందుకు తేలుతోందని ఈసారి పిల్లల్ని అడిగి చూడండి. బేసిన్‌లో ఆడిన పిల్లలు మిమ్మల్ని జవాబులతో ముంచెత్తుతారు.

మాటల సంగతీ ఉంది. నీళ్ళ దగ్గర కూచున్న పిల్లాడికి ఒక్క పూటలో ఎన్ని క్రియలు వస్తాయో చూడండి. తోడాడు, వంచాడు, చిలకరించాడు, పిండాడు, ముంచాడు, ఒలికింది, తొణికింది, కారింది, ఇంకింది. వాడు చేస్తున్నప్పుడే మీరు ఆ మాట పక్కన అంటే చాలు, వాడిదైపోతుంది. టీవీ ముందు కూచోబెట్టి బొమ్మ చూపించి నేర్పితే ఆ మాటకి తడి అంటదు. వేసవిలో సిమెంటు అరుగు మీద నీళ్ళల్లో కుంచె ముంచి బొమ్మలు వెయ్యమనండి. ఏనుగు గీయడం పూర్తయ్యేలోపు దాని తొండం మాయమవుతుంది. ‘ఎక్కడికి పోయింది నాయనమ్మా?’ అని అడుగుతాడు, ఇంకిపోయిన నీళ్ళూ ఆవిరైపోయిన నీళ్ళూ వేరువేరని అప్పుడు చెప్పుకోవచ్చు.

రంగులు, వాసనలు కూడా మన పెరట్లోనే ఉన్నాయి. శంఖుపుష్పాలు వేడినీళ్ళలో వేసి చల్లార్చి ఇవ్వండి, నీలం దిగుతుంది. నిమ్మరసం చుక్కలు వేస్తే ఊదా రంగుకి తిరుగుతుంది, పిల్లలు నోరు తెరుస్తారు. బొప్పాయి ఆకు కాడ బోలుగా ఉంటుంది కదా, పాలు కారకుండా కడిగి, సబ్బునీళ్ళలో ముంచి బుడగలు ఊదుకోవచ్చు. కాస్త ఊదగలిగే వయసు వచ్చాకే సుమా, పీల్చేసే పసివాళ్ళకి ఇవ్వకూడదు. ముట్టుకోవడానికి మెత్తమెత్తగా జారేది ఏదైనా కావాలంటే సబ్జాగింజలు నానబెట్టండి. ఒక్కో గింజ చుట్టూ జిగురు పొర కట్టి వేళ్ళ మధ్య జారిపోతుంటే పిల్లలు ఒకంతట వదలరు.

ఇక్కడ ఒక హెచ్చరిక. రంగురంగుల జెల్లీ పూసలని, నీళ్ళలో వేస్తే గోళీలంత ఉబ్బేవి, పూలకుండీల్లో వేసేవి, బజార్లోనూ ఆన్‌లైన్‌లోనూ దొరుకుతున్నాయి. పిల్లల ఆటకి బావున్నాయని చాలామంది కొంటున్నారు. దయచేసి తేవద్దు. పిల్లాడు ఒకటి మింగితే అది కడుపులోనూ ఉబ్బుతుంది, పేగుకి అడ్డం పడుతుంది. అమెరికాలో పసిబిడ్డ ప్రాణం పోయాక 2023లో కొన్నిటిని వెనక్కి తీసుకున్నారు, ఆ ఏడాది చివరికి అక్కడి పెద్ద దుకాణాలు పిల్లల ఆటవస్తువుగా వాటిని అమ్మడమే మానేశాయి. సబ్జాగింజ నోట్లోకి పోయినా తినే వస్తువే. అయినా చెంచాలకి చెంచాలు మింగకుండా చూసుకోవాలనుకోండి.

జలుబు చేస్తుందంటారు, మీ భయం నాకు తెలుసు. జలుబు ఒకరి నుంచి ఒకరికి అంటుకునే వైరస్ వల్ల వస్తుంది, గిన్నెలో చేతులు పెట్టినందుకు రాదు. చలికాలమైతే గోరువెచ్చటి నీళ్ళు పెట్టండి, ఎండ పడేచోట కూచోబెట్టండి, ఆట కాగానే ఒళ్ళు తుడిచి పొడిబట్టలు వెయ్యండి. చిన్నప్పుడు మన అమ్మమ్మలు కాళ్ళు బారజాపుకుని, పసిపిల్లల్ని మోకాళ్ళ మీద పడుకోబెట్టి, నలుగు పెట్టి, గోరువెచ్చటి నీళ్ళు ధారగా పోసేవారు కాదూ! బిడ్డకి మొదటి నీళ్ళ ఆట అదే. నీళ్ళు వృథా అంటారా, చెంబెడు నీళ్ళు చాలు కదా. కొళాయి కట్టేసి, గిన్నెలోకి పట్టి ఇవ్వండి. ఆట అయ్యాక ఆ నీళ్ళు కరివేపాకు మొక్కకి వాడి చేతే పోయించండి. నీళ్ళు ఎంత విలువైనవో వాడికి తెలియాలంటే ముందు నీళ్ళతో చెలిమి ఉండాలి. సబ్బు, ఉప్పు కలిపినవి మాత్రం మొక్కలకి వద్దు, తూములో పారబోయండి. ఏ నీళ్ళయినా రేపటికి ఉంచొద్దు. డెంగీ దోమ గుడ్డు పెట్టేది ఇలా నిలవున్న మంచినీళ్ళలోనే, వారం పది రోజుల్లో దోమై ఎగిరిపోతుంది.

అన్నిటికంటే పెద్ద మాట చెప్పాలి, ఇది మాత్రం మనసులో పెట్టుకోండి. పిల్లాడు నీళ్ళ దగ్గర ఉన్నంతసేపూ పెద్దవాళ్ళు ఒకరు చేతికందే దూరంలో ఉండాలి. ఉండడమంటే ఫోను చూసుకుంటూ కాదు. రెండంగుళాల నీళ్ళలో కూడా పసివాళ్ళు మునిగిపోతారు. వాళ్ళకి తల బరువు ఎక్కువ. బకెట్టులోకి తొంగిచూస్తూ ముందుకు పడితే లేవలేరు, చేతులకి అంత బలం ఉండదు. సినిమాల్లో చూపించినట్టు కేకలు వెయ్యరు, చప్పుడే కాదు. అందుకే ఆటకి బకెట్టు వద్దు, వెడల్పాటి బేసిన్ కావాలి. స్నానాలగదిలో బకెట్లు ఎప్పుడూ బోర్లించి ఉండాలి, సంపు మీద మూతకి గొళ్ళెం ఉండాలి. పిలుపుగంట మోగితే పిల్లాణ్ణి చంకన వేసుకునే తలుపు తీయండి. నీళ్ళ ప్రమాదాల మీద జనానికి తెలియజెప్పడానికి ఐక్యరాజ్యసమితి జూలై 25ని ప్రత్యేక దినంగా పెట్టిందంటే, ఊరికే పెట్టలేదు.

పెద్దవాళ్ళు పక్కన ఉండాలన్నాను గానీ, చెయ్యి పెట్టాలనలేదు. మనకి ఇక్కడే కష్టం. వాడు వంకరగా పోస్తుంటే మన చెయ్యి ఊరుకోదు, గ్లాసు సరిచేస్తాం, అలా కాదురా ఇలా అంటాం. ఆపుకోండి వదినగారూ. వాడు మీవైపు చూసినప్పుడు మాట్లాడండి. అందరు పిల్లలూ ఒకేలా ఉండరన్నది కూడా చూసుకోవాలి. కొంతమందికి చేతులు తడిస్తేనే చిరాకు, ఏడుపు. అలాంటి పిల్లని బలవంతాన ముంచొద్దు. ముందు పొడుగు కాడ గరిటె ఇవ్వండి, పక్కన పొడి తువ్వాలు పెట్టండి, ఎప్పుడు కావాలంటే అప్పుడు తుడుచుకోనివ్వండి. తనే ఒక వేలు ముంచుతుంది, ఎప్పుడన్నది తన ఇష్టం. రోజంతా పరుగులు పెడుతూ ఒకచోట నిలవని పిల్లలు నీళ్ళ దగ్గర నిదానంగా కూచోవడం కూడా బడిలో చాలాసార్లు చూశాను.

అన్నట్టు, మీ మనవరాలికి ఈ ఆటలో సమానంగా చోటివ్వాలి. దానికి గిన్నెలు తోమడం, వీడికి గిన్నెలతో ఆడడం అని విడదీస్తే నాకు అస్సలు నచ్చదు. ఇంకాస్త పెద్దయ్యాక ఇద్దరూ కలిసి పెరట్లో మట్టితో కట్టలు కట్టి, చిన్న కాలవ తవ్వి నీళ్ళు మళ్ళించుకుంటారు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసిన కాటన్ దొర కథ చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఉండదు.

మీకింకో పని పెట్టాలని కూడా పిలిచాను. మన వీధి చివర అంగన్‌వాడీ ఉంది కదా. 1975 అక్టోబరు 2న ఐసీడీఎస్ పథకం మొదలైనప్పటి నుంచి ఆ కేంద్రాలే మన ఊళ్ళల్లో పేదపిల్లల మొదటి బడి. మూడేళ్ళ నుంచి ఎనిమిదేళ్ళ దాకా పిల్లలకి ఆటే చదువు కావాలని 2022లో కేంద్రం తెచ్చిన పాఠ్యప్రణాళిక చట్రంలోనూ రాసుకున్నారు. కాగితం మీద ఉన్నది పిల్లాడి చేతిదాకా రావాలంటే అక్కడ నాలుగు గిన్నెలన్నా ఉండాలి. అక్కడి టీచరమ్మకి ఆటలు తెలియక కాదు. వంట, తూకాలు, రిజిస్టర్లు అన్నీ ఆవిడ నెత్తి మీదే ఉంటే సామాను ఎక్కణ్ణుంచి తెస్తుంది?

నేను ఒక వెడల్పు బేసిన్, రెండు గరాటులు, పాత టీ జల్లెడ తీసి ఉంచాను. మీ అటక మీదవి ఏమున్నాయో చూడండి, సొట్టపోయిన గిన్నెలు, మూతల్లేని స్టీలు డబ్బాలు, పనికిరాని గరిటెలు ఏవైనా సరే. పదునైన అంచులుంటే మాత్రం వద్దు, గాజువి అసలే వద్దు. ఎదురింటి పిన్నిగారినీ, మేడ మీద కొత్తగా వచ్చినవాళ్ళనీ కూడా అడగండి. వారానికి ఒక పూట మనలో ఎవరో ఒకరం వెళ్ళి పిల్లల పక్కన కూచుంటే టీచరమ్మకీ ధైర్యంగా ఉంటుంది. సోమవారం పొద్దున పదింటికి నేను వెళ్తున్నాను, మీరూ మీ మనవలిద్దర్నీ తీసుకుని రండి.